50 సెం.మీ. టెలిస్కోపుకు ఏ డిఫార్మబుల్ మిర్రర్: స్ట్రోక్ ఎక్కువదా, యాక్చుయేటర్లు ఎక్కువున్నదా?

తరమణి_ఆప్టిక్స్: చెన్నైలో మా ల్యాబ్ మేడ మీద 50 సెం.మీ. టెలిస్కోపుకు అడాప్టివ్ ఆప్టిక్స్ (గాలి వల్ల చెదిరిన వెలుగును ఆకారం మార్చుకునే అద్దంతో, అంటే డిఫార్మబుల్ మిర్రర్‌తో, అప్పటికప్పుడు దిద్దే ఏర్పాటు) పెడుతున్నాం. బడ్జెట్‌లో రెండు అద్దాలు వస్తున్నాయి. ఒకటి పీజో (వోల్టేజీ ఇస్తే సాగే పదార్థంతో కదిలేది): 40 యాక్చుయేటర్లు (అద్దాన్ని అక్కడక్కడా కదిపే భాగాలు), 10 మైక్రాన్ల స్ట్రోక్ (అద్దం కదలగల దూరం). రెండోది మెమ్స్ (చిప్‌లా సిలికాన్‌తో చేసిన సూక్ష్మ యంత్రం): 140 యాక్చుయేటర్లు, 1.5 మైక్రాన్లే. 550 నానోమీటర్ల వెలుగు దగ్గర ఆర్-నాట్ 5 సెం.మీ. అనుకున్నాం, అంటే అంత వెడల్పు వరకే తరంగం పెద్దగా చెడకుండా వస్తుంది. ఏది కొనమంటారు?

పీజో_పక్షం: స్ట్రోక్ చూడండి సార్. యాక్చుయేటర్ కొస దాకా వెళ్లి ఆగిపోతే (సాచురేషన్) ఆ చోట అద్దం ఇక మాట వినదు. లూప్ (సెన్సర్ చూసినదాన్ని బట్టి అద్దాన్ని కదిపే చక్రం) మాత్రం తోస్తూనే ఉంటుంది. ఎండకు కాగిన మేడ రాత్రి చాలాసేపు వేడి వదులుతూనే ఉంటుంది, గాలి కుదుటపడదు. 1.5 మైక్రాన్లతో నెట్టుకురాలేరు.

అలముఖం: నేను ఒప్పుకోను. పరావర్తనంలో అద్దం కదలికకు రెట్టింపు తేడా తరంగంలో వస్తుంది, అది మరవకండి. గాలి చేసే చెడుపులో దాదాపు 87 శాతం టిప్-టిల్ట్, అంటే బొమ్మ మొత్తంగా అటూ ఇటూ జరగడం. దాన్ని వేరే చిన్న అద్దానికి అప్పగిస్తే మీ లెక్కలో అద్దం ఉపరితలం మీద దిద్దాల్సింది సగటున 0.11 మైక్రాన్లు (ఆర్.ఎం.ఎస్.). మెమ్స్ పొర ఒకవైపుకే లాగబడుతుంది కాబట్టి బయస్ వోల్టేజీతో (ఎప్పుడూ ఇచ్చి ఉంచే కొంత వోల్టేజీతో) మధ్యలో నిలబెడతాం, అటూ ఇటూ 0.75 మైక్రాన్లు దొరుకుతాయి. బోలెడు.

ఇక యాక్చుయేటర్ల సంగతి. 40 అయితే వాటి మధ్య దూరం టెలిస్కోపు ముఖం మీద 7 సెం.మీ., ఆర్-నాట్ కంటే ఎక్కువ. 140 అయితే 3.7. యాక్చుయేటర్ల మధ్య దూరం వల్ల అద్దం దిద్దలేక మిగిలే ఈ ఫిట్టింగ్ దోషం ఒక్కదానితోనే స్ట్రెల్ నిష్పత్తి (బొమ్మ ఎంత పదునో చెప్పే కొలత, 1 అయితే లోపం లేనట్టు) పీజోకు 0.6 దగ్గర ఆగుతుంది, మెమ్స్‌కు 0.84 వస్తుంది. ఎంత స్ట్రోక్ ఉన్నా ఈ లోటు పూడదు.

పీజో_పక్షం: టిప్-టిల్ట్ అద్దానికీ డబ్బు కావాలి కదండీ. అది లేకపోతే?

అలముఖం: లేకపోతే మీరు చెప్పిందే నిజం. అప్పుడు 0.3 మైక్రాన్లు దిద్దాలి, మెమ్స్ తరచూ సాచురేట్ అవుతుంది. కానీ పీజోకు హిస్టరిసిస్ ఉంది: అదే వోల్టేజీకి ఎక్కేటప్పుడు ఒకచోట, దిగేటప్పుడు ఇంకోచోట నిలుస్తుంది. క్లోజ్డ్ లూప్‌లో సెన్సర్ చూసి సరిచేస్తుంది. ఓపెన్ లూప్‌లో, అంటే దిద్దిన ఫలితాన్ని సెన్సర్ చూడనప్పుడు, ఎవరూ సరిచేయరు.

ఉప్పుగాలి: చెన్నై తేమ గురించి ఎవరూ ఎత్తలేదేం? మెమ్స్‌లో వాడేది ఎక్కువ వోల్టేజీ. తేమ తగిలితే పాలీసిలికాన్ (లోపలి సిలికాన్ పొర) ఆక్సీకరణ చెంది యాక్చుయేటర్లు పోతాయి. కిటికీ గాజుతో మూసి, లోపల పొడి గాలి గానీ నత్రజని గానీ నడపాలి. ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

అలముఖం: ఇది ముఖ్యమైన మాట. తరమణి గారూ, ఆర్డర్ పెట్టేముందు అమ్మేవాళ్లను ఇంటర్-యాక్చుయేటర్ స్ట్రోక్, అంటే పక్కపక్క యాక్చుయేటర్ల మధ్య ఎంత ఎత్తు తేడా వస్తుందో అడగండి. బ్రోచర్‌లో పెద్దక్షరాల్లో ఉండే స్ట్రోక్ మొత్తం అద్దానిది. ఒక యాక్చుయేటర్‌ను తోస్తే పక్కవి ఎంత లేస్తాయో చూపే ఇన్‌ఫ్లుయెన్స్ ఫంక్షన్ కొలతలు కూడా తెప్పించుకోండి. ఆ రెండూ ఇక్కడ పెడితే మిగతాది లెక్కేసి చూద్దాం.