ఫైటర్ చేపకి ఫిల్టర్ అవసరమా? చిన్న తొట్టి, తక్కువ ఖర్చు

కొత్తతొట్టి:
ఫైటర్ చేపని, అదే బెట్టాని, ఒకదాన్ని పెంచుకుందామనుకుంటున్నాను. ఒక్క మగ చేపే. 20 లీటర్ల గాజు తొట్టి సిద్ధంగా ఉంది. ఖరీదైన ఫిల్టర్ కొనలేను. "ఫైటర్ పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, దానికి ఫిల్టర్ ఎందుకు" అని కొందరు, "ఫిల్టర్ లేకపోతే చేపని తేవొద్దు" అని కొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. పెంచినవాళ్లు చెప్పండి.

పచ్చనాచు:
అవసరం లేదండి. థాయ్‌లాండ్ వరి మళ్లలో, లోతు తక్కువ నీళ్లలో బతికే చేప ఇది. అక్కడ ఫిల్టర్ ఎవరు పెట్టారు? నా తొట్టిలో హార్న్‌వర్ట్ అనే నీటి మొక్క గుబురుగా ఉంది, మనీ ప్లాంట్ వేళ్లు నీళ్లలోకి దిగి ఉన్నాయి. వారానికి రెండుసార్లు కొంచెం నీళ్లు మారుస్తాను. రెండేళ్లుగా చేప హాయిగా ఉంది, గుడ్ల కోసం నీటిపైన బుడగలతో కట్టే నురగ గూళ్లు కూడా కడుతోంది. మోటారు ఫిల్టర్ పెట్టినప్పుడే ఇబ్బంది పడింది పాపం. అంత పొడుగు రెక్కలతో ప్రవాహానికి ఎదురీదలేక మూలన నక్కేది.

మొప్పలు:
పచ్చనాచు గారూ, మోటారు ఫిల్టర్ ప్రవాహం గురించి మీరన్నది నిజం. కానీ వరి మడి పోలిక ఒప్పుకోలేను. మడి ఎంత పెద్దది! అందులో మట్టి, వేళ్లు, కుళ్లిన ఆకులు, అన్నీ బ్యాక్టీరియాకి ఇళ్లే. గాజు తొట్టిలో ఆ ఇల్లు మనం కట్టివ్వాలి.

గాలి పీల్చుకోవడం వేరు, మలినం వేరు. ఫైటర్ తలలో మొప్పల పైన లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. దాంతో నీటి పైకొచ్చి నేరుగా గాలి తీసుకుంటుంది. అందుకే ఆక్సిజన్ తక్కువైనా తట్టుకుంటుంది. అమ్మోనియాని మాత్రం తట్టుకోలేదు. మలం, మిగిలిన మేత, చేప మొప్పల నుంచి వదిలే వ్యర్థం, అన్నీ చివరికి అమ్మోనియానే. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ కొంతవరకూ ఫర్వాలేదు, నీళ్లు మారిస్తే పోతుంది. ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ అనుకుంటాం గానీ, అసలు అది ఈ బ్యాక్టీరియా కాపురం ఉండే చోటు.

నా మొదటి ఫైటర్‌ని నాలుగు లీటర్ల గిన్నెలో ఉంచాను. ఆదివారం ఆదివారం నీళ్లన్నీ పారబోసి కొత్తవి పోసేదాన్ని. గురువారం వచ్చేసరికి రెక్కలు ముడుచుకుని అడుగున పడుకునేది, మొప్పల అంచులు ఎర్రబడేవి. నిద్రపోతోందనుకున్నాను. మూడు నెలలే బతికింది. ఇప్పటికీ ఆ ఎర్రటి మొప్పలే కళ్లముందు కనిపిస్తాయి.

పచ్చనాచు:
బాధగా ఉందండి. కానీ ఆ తప్పు గిన్నెది, నీళ్లన్నీ ఒకేసారి మార్చడానిది. మొక్కలు అమ్మోనియాని నేరుగా పీల్చుకుంటాయి కదా?

మొప్పలు:
పీల్చుకుంటాయి, మొక్కలు నాటుకుని పెరుగుతున్నప్పుడు. కొత్తగా వేసిన మొక్కలు చాలాసార్లు మొదటి వారాల్లో పాత ఆకులు రాల్చి కుళ్లబెడతాయి, అదీ అమ్మోనియానే. మీకు చెయ్యి తిరిగింది, మీ పద్ధతి మీకు నడుస్తుంది. ఈయన కొత్తవారు. కొత్తవారికి స్పాంజ్ ఫిల్టరే దిక్కు అంటాను. ఒక స్పాంజ్, ఒక చిన్న ఎయిర్ పంప్, మధ్యలో సన్న పైపు. ఫిల్టర్లన్నిటిలోకీ చవకైనవాటిలో ఇదొకటి. బుడగలు పైకి పోతూ నీటిని స్పాంజ్ గుండా లాగుతాయి. పైపుకి చిన్న వాల్వ్ బిగించి గాలి తగ్గించండి. నీటి పైభాగం మెల్లగా కదిలితే చాలు, ఫైటర్‌కి ఏ ఇబ్బందీ ఉండదు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. స్పాంజ్‌ని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. నేను నీళ్లు మార్చేటప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్ల బకెట్‌లోనే పిండుతాను. మొదటి పిండుకే నీళ్లు ముదురు గోధుమ రంగుకి తిరుగుతాయి. స్పాంజ్ తెల్లగా అయ్యేదాకా పిండకండి, నీళ్లు ధారాళంగా పోతే సరిపోతుంది.

కొత్తతొట్టి:
కరెంటు పోతే?

మొప్పలు:
కొన్ని గంటలకి టెన్షన్ పడక్కర్లేదు, చేప పైకొచ్చి గాలి తీసుకుంటుంది. కానీ పంప్ ఆగినప్పుడు తొట్టి నీళ్లు పైపు గుండా వెనక్కి వచ్చి పంప్‌లోకి, నేల మీదికి కారతాయి. పంప్‌ని నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేదా పైపుకి నీళ్లని వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ వేయండి.

ఓపికతొట్టి:
ఇద్దరూ అసలు మాట వదిలేశారు. ఫిల్టర్ పెట్టిన రోజే చేపని వేస్తే ఫిల్టర్ ఉన్నా లేనట్టే, అందులో బ్యాక్టీరియా ఇంకా లేదు. క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీళ్లు నింపి, ఫిల్టర్ నడుపుతూ రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, బ్యాక్టీరియాకి అదే తిండి. నీటి పరీక్ష కిట్‌తో చూస్తూ ఉండండి. మేత వేస్తున్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి, నైట్రేట్ కనిపించాలి. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి స్పాంజ్ ఒకటి దొరికితే మీ తొట్టిలో వేయండి, బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మూత తప్పదు, ఫైటర్ ఎగిరి బయట పడుతుంది.

పచ్చనాచు:
ఇది ఒప్పుకుంటాను. నేనూ మొక్కలు పట్టుకునేదాకా నెలపైనే ఆగాను. అయినా మొక్కలు గుబురెక్కాక పంప్ ఆపేయొచ్చనే ఇప్పటికీ నా అభిప్రాయం.

మొప్పలు:
ఆపొద్దండి. స్పాంజ్‌లో బ్యాక్టీరియాకి నీళ్లతోపాటు ఆక్సిజన్ అందుతూ ఉండాలి. రోజుల తరబడి ఆపితే అది చచ్చి అక్కడే కుళ్లుతుంది.

కొత్తతొట్టి:
స్పాంజ్ ఫిల్టర్ పెడతాను, హార్న్‌వర్ట్ కూడా వేస్తాను. చేపని తెచ్చే ఆలోచన వచ్చే నెలకి వాయిదా వేశాను. అప్పటిదాకా రోజూ ఖాళీ తొట్టికి మేత వేస్తుంటాను. కిట్ రంగు అర్థంకాకపోతే ఇక్కడే అడుగుతాను.