ఆసుపత్రిలో పుట్టిన పాపకు జనన ధ్రువపత్రం ఇంకా రాలేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (కృష్ణాతీరం)

మా పాప 2024 ఫిబ్రవరిలో నా భార్య పుట్టింటివారి ఊళ్ళో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది. బారసాల నాటికి పేరు నిర్ణయిద్దామనుకున్నందువల్ల ఆసుపత్రి కాగితాల్లో పేరు రాయించలేదు. వివరాలు తామే పంపుతామని వారన్నారు గాని, ధ్రువపత్రం మా చేతికి రాలేదు. ఇప్పుడు మేము వేరే జిల్లాలో ఉంటున్నాం, బడిలో చేర్చడానికి ఆ పత్రం కావాలి. ఏడాది దాటింది కనుక కోర్టుకు వెళ్ళక తప్పదని ఒకరు, మేమున్న ఊళ్ళోనే కొత్తగా నమోదు చేయించుకోవచ్చని మరొకరు చెబుతున్నారు. మా దగ్గర డిశ్చార్జి కాగితాలు మాత్రమే ఉన్నాయి. విషయం తెలిసినవారు దయచేసి దారి చెప్పగలరు.

జవాబు (విశ్రాంత కార్యదర్శి)

కృష్ణాతీరం గారూ, కోర్టు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పాప జననం రిజిస్టరులోకి ఎక్కిందా లేదా అన్నది ముందు తేలాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, ఇంట్లో జరిగిన కాన్పు గురించి కుటుంబ పెద్ద తెలియజేయాలి. ఆసుపత్రిలో జరిగితే ఆ బాధ్యత అక్కడి బాధ్యుడైన వైద్యాధికారిది. అందువల్ల మీ పాప వివరాలు పేరు లేకుండానే నమోదై ఉండే అవకాశం ఎక్కువ.

నమోదు పుట్టిన చోటి రిజిస్ట్రారు దగ్గరే జరుగుతుంది, తల్లిదండ్రులు ఎక్కడ కాపురముంటున్నారన్న దానితో నిమిత్తం లేదు. పల్లె అయితే పంచాయతీ కార్యదర్శిని, పట్టణమైతే మునిసిపల్ కార్యాలయాన్ని అడగండి. వెతికించేటప్పుడు తల్లి పేరు తప్పక చెప్పండి, ఆమె పుట్టింటి ఇంటిపేరుతో కూడా చూడమనండి. కాన్పుకు చేర్చుకున్నప్పుడు అమ్మాయి తరఫువారు ఏ పేరు చెబితే అదే కాగితాలన్నిటా పాకుతుంది. తండ్రి పేరుతో మాత్రమే వెతికి "రికార్డులో లేదు" అనడం మామూలే.

నమోదు కనబడితే మీకు కావలసింది పేరు చేర్పించుకోవడం మాత్రమే. నమోదైన ఏడాదిలోగా అయితే అది ఉచితం. ఆ తరువాత ఆలస్య రుసుము కట్టి, నమోదు తేదీ నుంచి 15 ఏళ్ళ వరకు చేర్పించుకోవచ్చు.

జవాబు (నిబంధనల చదువరి)

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. ఒకవేళ నమోదే లేకపోతే ఏం చేయాలో చెబుతాను. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు ఉచితం, 30 రోజుల వరకు ఆలస్య రుసుము, అటు తరువాత ఏడాది వరకు పై అధికారి రాతపూర్వక అనుమతి అవసరం. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. చట్టంలో మునుపు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అని ఉండేది కనుకనే కోర్టు మాట ఇంకా వినబడుతోంది. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ ఆ అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. మన వైపు వాడుకలో అది ఆర్డీఓ కార్యాలయం, అదీ పాప పుట్టిన ప్రాంతపుది. అక్కడికి వెళ్ళే ముందు రికార్డులో నమోదు లేదన్న ధ్రువపత్రం రిజిస్ట్రారు నుంచి తీసుకోండి. డిశ్చార్జి కాగితాలు దానికి జతపడతాయి.

ఉన్న ఊళ్ళోనే కొత్తగా నమోదు చేయించుకోమన్న సలహా మాత్రం వినకండి. పుట్టిన చోటు మార్చి చెప్పడం తప్పుడు సమాచారం ఇవ్వడమే, అందుకు చట్టంలో జరిమానా ఉంది. పైగా పాత నమోదు ఎప్పుడైనా బయటపడితే ఒకే బిడ్డకు రెండు పుట్టుకలు తేలతాయి!

కృష్ణాతీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా మామగారు మునిసిపల్ కార్యాలయంలో వాకబు చేయగా, నా భార్య పుట్టింటి ఇంటిపేరుతోనే నమోదు దొరికింది. పాప పేరు గడి ఖాళీగా ఉంది. అయితే నా పేరుకు ముందు ఇంటిపేరు బదులు ఒక్క పొడి అక్షరమే ఉంది. దాన్ని ఇలాగే వదిలేయవచ్చా?

జవాబు (నిబంధనల చదువరి)

వదలకండి. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి పుట్టిన తేదీ, స్థలం నిరూపించడానికి జనన ధ్రువపత్రమే ఆధారం. బడి ప్రవేశం, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, ప్రభుత్వ ఉద్యోగం, వివాహ నమోదు అన్నీ దాని మీదే నడుస్తాయి. అదే చట్టం 15వ సెక్షను కింద సవరణ కోరవచ్చు. రిజిస్ట్రారు అసలు నమోదును చెరిపివేయరు. మార్జినులో సవరణ రాసి, తేదీ వేసి సంతకం చేస్తారు. మీ ఆధార్, విద్యార్హత పత్రాలు చూపి ఇంటిపేరును పూర్తిగా రాయించండి, మీ భార్య పేరును కూడా సరిచూసుకోండి.

జవాబు (విశ్రాంత కార్యదర్శి)

పేరు చేర్చడానికి, సవరణకు దరఖాస్తులు వేరువేరుగానే ఇవ్వండి, రెంటికీ రసీదు తీసుకోండి. పాప పేరును తెలుగులోను ఇంగ్లీషులోను ఎలా రాయాలో ఇంట్లో అందరూ ముందే తేల్చుకుని, స్పష్టంగా రాసి ఇవ్వండి. కొత్త పత్రం చేతికి రాగానే కౌంటరు దగ్గరే అక్షరం అక్షరం చదువుకోండి.