ఓడలు బండ్లు: అవుతాయా, ఎక్కుతాయా?

మొన్న గ్రూపులో ఎవరో "ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి" అనే సామెతకి ఉన్నోడు లేనోడవుతాడు, లేనోడు ఉన్నోడవుతాడు అని అర్థం రాసి వదిలేశారు. అర్థం తప్పని కాదు. కానీ ఓడ బండెట్లవుతది? చెక్కలు విప్పి చక్రాలు చేస్తారా? చిన్నప్పటి నుంచీ నాకిది మింగుడుపడలేదు.

మాది మిర్యాలగూడ దగ్గర. మా నాయనమ్మ దీన్నే "బండి ఓడెక్కుతది, ఓడ బండెక్కుతది" అనేది. ఆమె చూసిందే చెప్పింది. కృష్ణ మీద వంతెనలు లేని రోజుల్లో ఎడ్లను విప్పి, బండిని బల్లకట్టు మీదికి తోసి, చక్రాల కింద రాళ్లు పెట్టి దాటించేవాళ్లు (మట్టపల్లి రేవులో బల్లకట్టు మీద నేనూ దాటాను, నా కింద ఉన్నది బండి కాదు, స్కూటరు). ఊళ్లో వడ్లాయన చేసిన కొత్త పడవ ఏటికి పోవాలంటే మళ్లీ బండే దిక్కు. తమిళంలో కూడా ఓడం ఒకనాడు బండెక్కుతుంది, బండి ఒకనాడు ఓడమెక్కుతుంది అనే అంటారు, అక్కడా ఎక్కడమే. ఓడ అంటే సముద్రంలో తిరిగేదే కానక్కర్లేదని "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య" చెబుతూనే ఉంది కదా.

పోయిన చలికాలం విశాఖ పోయినప్పుడు ఈ సామెత కళ్ల ముందు కనబడింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ దగ్గర నిలబడితే కింద సన్నటి కాలువ, అందులోంచి లోపలి హార్బర్‌కి ఓడలు పోతుంటాయి. అంత పెద్ద ఓడ కూడా తనంతట తాను పోదు, రేవు దారి తెలిసిన పైలట్ ఎక్కాలి, చిన్న చిన్న టగ్గులు పక్కన చేరి లాగుతూ నెడుతూ తీసుకుపోవాలి. బెర్తు (రేవులో ఓడ ఆగే చోటు) దొరకనివి బయట సముద్రంలో లంగరేసుకుని మన బస్టాండులో జనంలాగ ఎదురుచూస్తుంటాయి. ఖాళీగా వచ్చే ఓడ పైకి తేలి పొట్ట కింద ఎర్ర రంగంతా కనబడుతుంది, ఖనిజం నింపుకుని పోయేటప్పుడు ఆ ఎరుపు నీళ్లలోకి దిగిపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి రైలుబండ్లలో వచ్చిన ఇనుప ఖనిజం ఓడెక్కుతుంది, ఓడల్లో వచ్చిన బొగ్గు రైలుబండెక్కుతుంది. నాయనమ్మ మాట పొల్లుపోలేదు.

వ్యాఖ్య: అన్నా, మా కొల్లాపూర్ దిక్కు ఓడ అన్న మాటే వినం. సోమశిలలో పుట్టి (గుండ్రటి బుట్ట పడవ), లాంచీ, అంతే. పుట్టికి బండి కూడా అక్కర్లేదు, బోర్లించి నెత్తిన పెట్టుకుని పోతారు.

వ్యాఖ్య: సముద్రమే లేని మనకు ఈ ఓడ మాటలెందుకు సార్? లంగరు, సరంగు (పడవ నడిపేవాడు), బందరు అన్నీ పారసీవేనాయె.

జవాబు: తమ్ముడూ, నెత్తి మీది పుట్టి భలే గుర్తుచేసినవ్, వెనక నుంచి చూస్తే తాబేలు రెండు కాళ్ల మీద నడిచినట్టుంటది. పారసీ మాటలన్న సార్‌కి: నిజమే, బందరు అంటేనే రేవు. కానీ రేవు మనదే, చాకిరేవులో ఉన్నది అదే మాట. సముద్రం లేదంటారా, ఓరుగల్లులో కూర్చున్న గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించిండు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పాత రాజులు గుంజుకునేవాళ్లు, ఇక మీదట సుంకం తప్ప ఏదీ ముట్టమని దాని సారాంశం. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్ఫైలో ఒక వంతు.

అలంపూర్, నాగార్జునసాగర్ వైపు వాళ్లెవరన్నా ఉంటే ఇంట్లో పెద్దోళ్లను అడిగి రాయండి, వాళ్లు "అవుతాయి" అంటారా "ఎక్కుతాయి" అంటారా. మా నాయనమ్మ ఒక్కతే అనేదంటే మీరెట్లాగూ నమ్మరు.