"కేంద్రక పూర్వ కణం"లో "పూర్వ" ఎందుకు?

గ్రూపులో అందరికీ నమస్తే అండి. మాది గుంటూరు బ్రాడీపేట. మా పాప ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, తెలుగు మీడియం. చదువుకుంటూ చదువుకుంటూ "అమ్మా, కేంద్రక పూర్వ కణం అంటే కేంద్రకం లేని కణమేగా, మరి మన ఎర్ర రక్తకణంలో కూడా కేంద్రకం ఉండదుగా, అదీ ఇందులోకే వస్తదా" అంది. నాకు జవాబు తెలీలా. అసలు కేంద్రక రహిత కణం అని సూటిగా పెట్టొచ్చు కదండీ, పూర్వ అని ఎందుకు పెట్టినట్టు?

—

మేడమ్, నేను విజయవాడలో జువాలజీ ట్యూషన్లు చెప్తాను. రాదండి, ఎర్ర రక్తకణం నిజకేంద్రక కణమే, అంటే పొర చుట్టిన అసలైన కేంద్రకం ఉండే కణాల రకం. కేంద్రక పూర్వ కణాలంటే బాక్టీరియా లాంటివి. పూర్వ అంటే ఇక్కడ క్రీస్తు పూర్వం, స్వాతంత్ర్య పూర్వం అంటాం చూడండి, అదే. కేంద్రకం అనేది ఏర్పడక ముందు నాటి రకం కణం అని. 1925లో ఎడ్వార్డ్ షాటన్ అనే ఫ్రెంచి ఆయన వాడిన ప్రొకారియోట్ అనే పేరులో ప్రో అంటే ముందు, గ్రీకులో కార్యాన్ అంటే గింజ, మనవాళ్లు ఆ వరసలోనే తెలుగు చేశారు. బాక్టీరియా లాంటి వాటి ఆనవాళ్లు సుమారు 350 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరికాయి, కేంద్రకం ఉన్న కణాలు అంతకి చాలా కాలం తర్వాత వచ్చినవి.

బాక్టీరియాలో డీఎన్ఏ లేక కాదండి, ఉంది, కాకపోతే చుట్టూ పొర ఉండదు, కణద్రవ్యంలోనే ఒక చోట ముడుచుకుని ఉంటది, ఆ చోటుని న్యూక్లియాయిడ్ అంటారు. మైటోకాండ్రియా, గాల్జి, అంతర్జీవద్రవ్యజాలం, ఇలా పొరలున్న కణాంగాలు ఏవీ ఉండవు. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు ఉంటాయి కానీ చిన్నవి, 70ఎస్ రకం, మన కణద్రవ్యంలోవి 80ఎస్ (ఎస్ అంటే అవి ఎంత వేగంగా అడుగుకి దిగుతాయో చెప్పే కొలత). ఇంత తేడాని "రహిత" అన్న ఒక్క మాటలో ఎలా పట్టిస్తాం?

ఎర్ర రక్తకణం కథ వేరు. ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడు దానికి కేంద్రకం ఉంటది, పక్వానికి వచ్చేముందు దాన్ని బయటికి నెట్టేస్తది, మైటోకాండ్రియా, రైబోజోములు కూడా పోతాయి, ఉన్న జాగా అంతా హీమోగ్లోబిన్‌కే. కొత్త ప్రోటీన్లు చేసుకోలేదు కాబట్టి సుమారు 120 రోజులకి దాని పని అయిపోతది. కోడి రక్తకణంలో, కప్ప రక్తకణంలో అయితే కేంద్రకం చక్కగా ఉంటది, పాపకి ఇది తప్పకుండా చెప్పండి.

—

మాస్టారూ, చిన్న అభ్యంతరం. సంస్కృతంలో సమాసం చివర పూర్వ వస్తే "ఇదివరకు అలా ఉన్నది" అనే అర్థం కూడా ఉందండి. భూతపూర్వం, దృష్టపూర్వం అలాంటివే, భారతంలో శిఖండిని స్త్రీపూర్వుడు అన్నారంటే ముందు స్త్రీగా ఉన్నవాడనే. ఆ లెక్కన ముందు కేంద్రకం ఉండి తర్వాత పోయిన ఎర్ర రక్తకణానికే కేంద్రకపూర్వ అనే పేరు సరిపోతది కదా!

—

బాగా పట్టుకున్నారండి, ఇలా నేనెప్పుడూ ఆలోచించలేదు. సంస్కృతం ప్రకారం మీరు చెప్పిన అర్థం తీసుకోవచ్చు, కానీ తెలుగు చదివే పిల్లల చెవికి క్రీస్తు పూర్వమే అలవాటు, పుస్తకాల్లోనూ అదే అర్థంలో స్థిరపడింది, ఇప్పుడు మార్చితే పరీక్ష రాసే పిల్లలే ఇబ్బంది పడతారు. పేరు అలాగే ఉంచాలి, కాకపోతే క్లాసులో ఆ పూర్వని విడగొట్టి చెప్పాలి, అది చెప్పకుండా నిర్వచనం బట్టీ పట్టిస్తున్నారు, అందుకే ఇలాంటి డౌటు ఎక్కడా తీరట్లేదు.

మేడమ్, బోటనీలో కూడా ఇదే ఉంది. మొక్కల్లో ఆహారాన్ని మోసే పోషక కణజాలంలో (ఫ్లోయెంలో) చాలనీ నాళాలకి పక్వదశలో కేంద్రకం ఉండదు, పక్కనే ఉండే సహకణాలు వాటి పని నడిపిస్తాయి. అవీ నిజకేంద్రక కణాలే. ఈసారి మీరే పాపని అడగండి, ఎందుకో తను చెప్తదేమో.