బీపీ పీస్ స్టేషన్‌లో వచ్చిందట, డిసబిలిటీ పెన్షన్ రాదట. అప్పీల్ గడువు కూడా దాటింది, దారి ఉందా?

గన్నర్_గిద్దలూరు:
అందరికీ జైహింద్. ఆర్టిలరీలో హవల్దార్‌గా చేసి 2022లో పెన్షన్ వచ్చాను. వచ్చేముందు రిలీజ్ మెడికల్ బోర్డు (సర్వీసు నుంచి పంపేటప్పుడు పరీక్షించే డాక్టర్ల బోర్డు) నా బీపీకి 30 శాతం వైకల్యం, జీవితాంతం అని రాసింది. పక్క గడిలో మాత్రం సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు అని కొట్టేశారు. కారణం ఒక్క లైను: 'పీస్ స్టేషన్‌లో మొదలైంది'. అంటే సరిహద్దులో కాదు, మామూలు కంటోన్మెంట్‌లో ఉన్నప్పుడు అని.

మా బ్యాటరీ (ఫిరంగి దళం) కాశ్మీర్ సరిహద్దులోని కుప్వారా నుంచి దిగి పీస్‌కి వచ్చి నాలుగు నెలలు కాలేదు. రొటీన్ చెకప్‌లో 170/110 వచ్చింది. పైన ఉన్నన్నాళ్లూ బీపీ చూసిందెవరు? తలనొప్పంటే బ్రూఫిన్ ఇచ్చి పంపేవాళ్లు.

క్లెయిమ్ తిరస్కరించిన లెటర్ అదే ఏడాది వచ్చింది. ఆరు నెలల్లో అప్పీల్ చేసుకోమని అడుగున ఉంది. అప్పుడే నాన్నకి పక్షవాతం, నేను ఒంగోలు ఆసుపత్రిలోనే ఉండిపోయాను. లెటర్ ట్రంకు పెట్టెలో పడిపోయింది. ఇప్పుడు చేస్తే తీసుకుంటారా?

సివిల్_బాబాయ్:
బీపీ మా వీధిలో సగం మందికి ఉంది. దానికీ పెన్షనేనా?

పాత_హెడ్‌క్లర్క్:
బాబాయ్ గారూ, మీ వీధివాళ్లని చేర్చుకునేటప్పుడు గుండె, చెవి, పళ్లు అన్నీ పరీక్షించి ఫిట్ అని ఎవరూ రాసుకోలేదు కదా. మొత్తం విషయం అక్కడే ఉంది. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: చేరేనాటి రికార్డులో జబ్బు రాసి లేకపోతే మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తర్వాత వచ్చిన జబ్బుకి సర్వీసుతో సంబంధం లేదంటే, ఎందుకు లేదో బోర్డే కారణాలు రాయాలి.

గన్నర్ తమ్ముడూ, ముందు ఆర్‌టీఐ వేసి మీ రికార్డ్ ఆఫీసు నుంచి రెండు కాగితాలు తెప్పించు: చేరినప్పటి మెడికల్, రిలీజ్ బోర్డు మొత్తం ప్రొసీడింగ్స్. రెండో దాంట్లో ఎక్కడెక్కడ పనిచేశావో, అది ఫీల్డా (సరిహద్దు లాంటి కష్టమైన చోటు) పీసా అని టేబుల్ ఉంటుంది. ఆ తేదీల పక్కన బీపీ బయటపడిన తేదీ పెట్టి చూడు.

తర్వాత ఫస్ట్ అప్పీల్. ఆలస్యానికి కారణం మొదటి పేరాలోనే రాసి నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీ జత చెయ్. స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ పెట్టి పంపు, రసీదు దాచుకో. కాదంటే సెకండ్ అప్పీల్, ఆపైన ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మనకి చెన్నై బెంచి. అప్పీల్ వేసి ఆరు నెలలైనా జవాబు రాకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, చట్టంలోనే ఉంది. అక్కడ కూడా ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే మాఫీ చేస్తారు.

తప్పకుండా గెలుస్తావని మాత్రం అనను. 2019లో సుప్రీంకోర్టులో నర్సింగ్ యాదవ్ అనే మాజీ సైనికుడు ఓడిపోయాడు. అది మానసిక జబ్బు. చేర్చుకునేటప్పుడు అది పైకి కనపడదు కాబట్టి, రికార్డులో లేనంత మాత్రాన సర్వీసులోనే వచ్చిందనుకోలేం అన్నారు. నీ బీపీ అలా కాదు, కఫ్ కట్టి చూస్తే తెలిసిపోయేదే.

హవల్దార్_గారి_భార్య:
అన్నా, మా ఆయన మూడేళ్లు తెలిసినవాళ్లకల్లా అర్జీలు రాస్తూ కూర్చున్నారు. అసలు అప్పీల్ వెయ్యలేదు. ఆఖరికి ట్రిబ్యునల్‌లో గెలిచాం కానీ పాత బకాయి కేసు వేసిన రోజుకి ముందు మూడేళ్లదే ఇచ్చారు, అంతకు ముందుది పోయింది. మీరు ప్రతి నెలా కొంత పోగొట్టుకుంటున్నారని గుర్తుపెట్టుకోండి.

పాత_హెడ్‌క్లర్క్:
అమ్మ చెప్పింది నిజం. లెక్క కూడా చూసుకో తమ్ముడూ. ఆఖరి బేసిక్, ఎంఎస్‌పి (మిలిటరీ సర్వీస్ పే) కలిపి 44,000 అనుకో. నూరు శాతం వైకల్యానికి అందులో 30 శాతం ఇస్తారు, అంటే 13,200. నీ 30 శాతం వైకల్యానికి 3,960, పైన డీఏ. రౌండింగ్ వస్తే 30 కాస్తా 50 అవుతుంది, అంటే 6,600. సర్వీసు పూర్తిచేసి వచ్చినవాళ్లకీ అది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తేలింది. ట్రిబ్యునల్ దాకా వెళ్తే రౌండింగ్ విడిగా అడగాలి, మర్చిపోకు. 2023 సెప్టెంబరులో డిసబిలిటీ పెన్షన్‌కి కొత్త రూల్స్ వచ్చాయి, నువ్వు ముందే వచ్చేశావు కాబట్టి అవి చూపించి ఎవరైనా భయపెడితే వినకు.

గన్నర్_గిద్దలూరు:
సాబ్, నెలన్నర తర్వాత రాస్తున్నా. కాగితాలు వచ్చాయి. చేరినప్పటి షీట్‌లో బీపీ 118/76, డాక్టర్ సంతకం చెక్కుచెదరలేదు. బోర్డు టేబుల్‌లో కుప్వారా రెండున్నరేళ్లు ఫీల్డ్ అని వాళ్లే రాశారు, ఆ కింది లైన్‌లోనే పీస్. నిన్న గిద్దలూరు పోస్టాఫీసులో అప్పీల్ రిజిస్టర్ చేశా. కవర్ బరువుగా ఉందని కౌంటర్లో అమ్మాయి ఏముందని అడిగింది. మా నాన్న స్కాన్ రిపోర్టులమ్మా అన్నా.