35 రోజుల ల్యాబ్రడార్ కుక్కపిల్లని తెచ్చుకోవచ్చా?

కొత్తకాపు: అమ్మే ఆయన "35 రోజులు నిండాయి, ఇప్పుడే తీసుకెళ్తే బాగా మచ్చికవుతుంది" అంటున్నాడు. దీపావళి ఇంకా రెండు నెలలుంది. ఏం చూసుకోవాలి?

తోకాడింది: ఇప్పుడే వద్దండి. 2017 కుక్కల పెంపకం నిబంధనల ప్రకారం 8 వారాల లోపు పిల్లని అమ్మకూడదు. మచ్చిక తర్వాతైనా అవుతుంది. గట్టిగా కొరికితే తోడిపిల్ల కుయ్యిమని ఆట మానేస్తుంది, ఎంత కొరకాలో అక్కడే తెలుస్తుంది. అది తప్పిందా, ఆ చదువు మీ చేతుల మీదే!

వీధిచివర: ముందు తల్లిని చూడండి. మనుషుల్ని చూసి నక్కి వణికే తల్లైతే ఆ ఈత వదిలేయండి. తర్వాత నేలమీద కూర్చుని, ఆరేడు అడుగుల దూరంలో స్టీలు గరిటె పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. కాసేపట్లో తేరుకుని వాసన చూడ్డానికి వస్తే బంగారం. మూలకి పోయి ఎంతకీ రాకపోతే ఆలోచించాల్సిందే. అందర్నీ తోసుకుని మీదపడేదాన్నే జనం ఎత్తుకుపోతారు గానీ, అపార్ట్‌మెంట్‌కి నడిమిరకమే సుఖం. అప్పుడే నిద్రలేచిన పిల్ల మందకొడిగా ఉంటుంది, అందుకని రెండుసార్లు వెళ్లి చూడండి.

కొత్తకాపు: టీకాలన్నీ అయ్యేదాకా బయటికి తీయొద్దంటారు కదా?

నాలుగుకాళ్లు: పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) భయం నిజమే, వీధిలో నేలమీద దించకండి. కానీ లోకాన్ని బెదురు లేకుండా చూసే వయసు సుమారు 3 నుంచి 14 వారాలు, టీకాలేమో 16 వారాల దాకా సాగుతాయి. ఎత్తుకుని తిప్పండి: ఆటో, గొడుగు, హెల్మెట్ మనిషి, బడిపిల్లలు. పూటకి పది నిమిషాలు చాలు. బెదిరితే మీరే వెనక్కి జరగాలి, "ఏం కాదు" అంటూ దగ్గరికి తోస్తే భయం ముదురుతుంది.

తోకాడింది: టపాసుల మోత ఫోన్‌లో వినీవినపడనంతగా, తిండి పెట్టేటప్పుడు వినిపించండి. తినడం ఆపిందంటే మోత ఎక్కువైనట్టే, తగ్గించండి. మూడునాలుగు రోజులకోసారి కొంచెం పెంచండి.

వీధిచివర: మొదటి వారం రాత్రిళ్లు మీ మంచం పక్కనే పడుకోబెట్టండి. "ఏడ్చి అదే ఊరుకుంటుంది" అంటారు. ఊరుకుంటుంది, అలిసిపోయి. ఒంటరిగా ఉండటం పగలు నేర్పాలి: 30 సెకన్లు, 2 నిమిషాలు, 5 నిమిషాలు, ఏడుపు మొదలవకముందే తిరిగి రావాలి. సాయంత్రం పిచ్చిగా పరిగెత్తి కాళ్లు కొరికేది చాలాసార్లు నిద్ర చాలకే. రోజుకి 18 గంటలైనా పడుకోవాలి.

కొత్తకాపు: అయితే 8 వారాల దాకా అక్కడే ఉంచమంటాను.

నాలుగుకాళ్లు: ఎక్కడ ఉంచుతాడో చూడండి. చీకటి షెడ్డులో బోనైతే ఆ మూడు వారాలూ దండగే. ఇంట్లో, మిక్సీ మోతా మనుషుల సందడీ ఉన్నచోటైతే సరే. పాత లుంగీ ముక్కొకటి తల్లి దగ్గర పడేసి రండి, తెచ్చేరోజు ఆ వాసనతో పాటే తెచ్చుకోవచ్చు.