రుద్రమదేవి వేషంలో ఫొటోలు: సాయంత్రం వేళ ఫ్లాష్ ఎలా అమర్చుకోవాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
నవంబరు చివరలో మా మేనకోడలికి రుద్రమదేవి వేషం వేయించి, ఓరుగల్లు కోట కీర్తితోరణం ముందు పొద్దుగూకే వేళ ఫొటోలు తీయాలనుకుంటున్నాను. నా దగ్గర కెమెరా మీద బిగించే చిన్న ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, తెల్ల గొడుగు, స్టాండు ఉన్నాయి. ఆకాశం రంగు బాగా వస్తే ముఖం నల్లబడుతోంది, ముఖం బాగుంటే ఆకాశం తెల్లగా వెలిసిపోతోంది. పెద్దలు దారి చూపగలరు.

జవాబు 1:
అన్నిటికన్నా ముందు అనుమతి సంగతి చూసుకోండి. కోట కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది కాబట్టి, స్టాండ్లు, లైట్లు పెట్టి తీయాలంటే ఆ శాఖ అనుమతి ముందుగానే రాతపూర్వకంగా తీసుకోవాలి. అది కుదరకపోతే నిరుత్సాహపడకండి. మన వైపు ఏ ఊరి శివారుకు వెళ్లినా రాతిగుట్టలూ తాటిచెట్లూ ఉంటాయి. రుద్రమ పాలించిన 1262–1289 నాటి కథకు, జనం తిరుగుతుండే తోరణం కన్నా ఖాళీ గుట్టే బాగా నప్పుతుందని నా అభిప్రాయం. భూమి యజమానిని అడిగి వెళ్లండి.

జవాబు 2:
మీ సమస్యకు మూలం ఒక్కటే. ఫ్లాష్ వెలుగు క్షణంలో అతి చిన్న భాగంలోనే వచ్చిపోతుంది కనుక షట్టర్ వేగం (కెమెరా తెర ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది) మార్చితే ఆకాశం మాత్రమే మారుతుంది, ముఖం మీది ఫ్లాష్ వెలుగు మారదు. అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) మార్చితే రెండూ మారతాయి. అందువల్ల ముందు ఫ్లాష్ ఆపేసి, ఐఎస్ఓ 100 దగ్గర, ఆకాశం కంటికి కనిపించేదానికన్నా కాస్త ముదురుగా వచ్చేలా సరిచేసుకోండి. ఆ తరువాత ఫ్లాష్ వెలిగించి, దాని శక్తిని పెంచుతూ తగ్గిస్తూ ముఖాన్ని చూసుకోండి. చాలా కెమెరాల్లో షట్టర్ వేగం 1/200 లేదా 1/250 సెకను దాటితే ఫ్రేములో ఒక వైపు నల్లటి పట్టీ పడుతుంది. అంతకన్నా వేగంలోనూ ఫ్లాష్ పనిచేసేలా చేసే హైస్పీడ్ సింక్ వాడితే పట్టీ పోతుంది గానీ ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది, గొడుగు తొడిగిన చిన్న ఫ్లాష్ ఎండకు చాలదు. కాబట్టి సూర్యుడు గుట్ట చాటుకు దిగేదాకా ఆగండి, గొడుగును ఫ్రేములో పడనంత దగ్గరికి తీసుకురండి. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది. ఫ్లాష్ వెలుగు తెల్లగా ఉంటుంది కనుక దానికి లేత నారింజ జెల్ కాగితం (వెలుగుకు రంగునిచ్చే పారదర్శక పొర) అంటిస్తే, చర్మం రంగు సంధ్య వెలుగుతో కలిసిపోతుంది. గాలికి గొడుగు పడిపోకుండా స్టాండు కాళ్ల మీద ఇసుక సంచి తప్పనిసరిగా వేయండి.

ప్రశ్న వేసినవారు:
చాలా కృతజ్ఞతలు. కిరీటం, కత్తి నాటకాల సామాను అద్దెకిచ్చేవారి దగ్గర తెస్తున్నాను. వాటి మీద వెలుగు ఎలా పడుతుందోనని దిగులుగా ఉంది.

జవాబు 3:
కిరీటం అంచు ముందుకు వచ్చి ఉంటే, పైనుంచి పడే వెలుగులో దాని నీడ సరిగ్గా కళ్ల మీద పడుతుంది. గొడుగును కంటి ఎత్తుకు కొంచెమే పైన, ఒక పక్కకు ఉంచి, అమ్మాయి గడ్డం ఎత్తమంటే నీడ నుదుటి దగ్గరే ఆగుతుంది. వెండి కాగితం చుట్టిన కత్తి మీద ప్రతి ముడతా మెరిసి అట్టముక్క అని తెలిసిపోతుంది. మెరుపు లేని బూడిద రంగు వేయించండి. నగల విషయంలో 1213 నాటి రామప్ప గుడిలోని మదనికల (అందగత్తెల) శిల్పాలను ఒకసారి వెళ్లి చూసి రండి. హారాలు, దండకడియాలు ఎలా ఉండాలో రాతిలోనే దొరుకుతుంది. కిరీటం బరువుకు పిల్ల మెడ త్వరగా నొస్తుంది కాబట్టి వెలుగు సరిచూసుకునేంతసేపూ మరొకరిని అక్కడ నిలబెట్టి, అంతా కుదిరాకే ఆమెకు కిరీటం పెట్టండి.